పీకేఏ 6.1 ఉన్న బైకార్బనేట్ 7.4 దగ్గర రక్తాన్ని ఎలా నిలబెడుతోంది?

మిగతావాళ్ళకీ అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్న చెబుతాను. మీరు హైదరాబాద్‌లో ఎంబీబీఎస్ మొదటి ఏడాది. ఆమ్లమో క్షారమో వచ్చిపడినా పీహెచ్‌ని (ఆమ్లత కొలత, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) పెద్దగా మారనివ్వనిదే బఫర్. ఏ బఫరైనా తన పీకేఏకి, అంటే దాని ఆమ్ల రూపం, క్షార రూపం సరిసమానంగా ఉండే పీహెచ్‌కి, అటు ఒక యూనిట్, ఇటు ఒక యూనిట్ లోపలే బాగా పనిచేస్తుందని ఇంటర్ బైపీసీలో చదువుకున్నారు. రక్తం పీహెచ్ 7.4, బైకార్బనేట్ పీకేఏ 6.1. తేడా 1.3. ఫాస్ఫేట్ పీకేఏ 6.8 కాబట్టి ఆ లెక్కన ఫాస్ఫేటే మేలు. అలాంటప్పుడు రక్తానికి ముఖ్యమైన బఫర్ బైకార్బనేట్ అని పుస్తకాలన్నీ ఎందుకంటున్నాయి? ఇది మొదటి సందేహం. ఇంట్లో అమ్మగారు ఆల్కలైన్ నీళ్ళ మెషీన్ కొందామంటున్నారు, దానితో రక్తం పీహెచ్ మారుతుందా అన్నది రెండోది.

నేను ఇదే ఊళ్ళో మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. మీ మొదటి సందేహాన్ని ఎవరైనా లేచి అడగాలని ఏటా ఎదురుచూస్తాను. అడగని వాళ్ళు సూత్రం బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతారు, తర్వాత వార్డులో ఏబీజీ (ధమని రక్తంలో పీహెచ్, వాయువులు కొలిచే పరీక్ష) రిపోర్టు చేతికొస్తే తడబడతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కొలతలు. పీహెచ్ 7.4 అంటే లీటరు ప్లాస్మాలో హైడ్రోజన్ అయాన్లు 40 నానోమోల్స్. అదే లీటరులో సోడియం 140 మిల్లీమోల్స్, అంటే 35 లక్షల రెట్లు. ఇంత తక్కువగా ఉండే అయాన్‌ని శరీరం 35, 45 నానోమోల్స్ మధ్యనే ఉంచుతుంది. ఇక లోపలికి వచ్చిపడే ఆమ్లం చూడండి. పెద్దవాళ్ళ ఒంట్లో రోజుకి దాదాపు 15,000 మిల్లీమోల్స్ కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. అది నీటితో కలిస్తే ఆమ్లమే. అది కాక మాంసకృత్తుల్లోని గంధకం నుంచి పుట్టే సల్ఫ్యూరిక్ ఆమ్లం లాంటివి, ఊపిరితో బయటికి పోలేనివి, రోజుకి ఓ 70 మిల్లీమోల్స్. అటు మిల్లీ, ఇటు నానో. మధ్యలో పదిలక్షల రెట్ల తేడా. ఈ తేడాని ఏ ఒక్క రసాయనమూ ఒంటరిగా మోయలేదు.

ఇప్పుడు మీ సందేహాన్నే లెక్కగా చేద్దాం. ప్లాస్మాలో బైకార్బనేట్ లీటరుకి 24 మిల్లీమోల్స్. కార్బన్ డయాక్సైడ్ పీడనం 40 మి.మీ. పాదరసం. దాన్ని 0.03తో గుణిస్తే కరిగిన వాయువు 1.2 మిల్లీమోల్స్ వస్తుంది. పైన బైకార్బనేట్, కింద కరిగిన వాయువు, నిష్పత్తి 20కి 1. ఇరవైకి లాగ్ 1.3, దానికి 6.1 కలిపితే 7.4. హెండర్సన్ 1908లో చెప్పిన సమతుల్యతని హాసెల్‌బాల్క్ 1916లో లాగ్ రూపంలోకి మార్చాడు. మీరు బట్టీ పట్టిన సూత్రం అదే.

ఈ ద్రవాన్ని ఒక గాజు సీసాలో నింపి, గాలి చొరకుండా మూత బిగించండి. లీటరుకి 12 మిల్లీమోల్స్ గట్టి ఆమ్లం ఎక్కించండి. సగం బైకార్బనేట్ ఖర్చయి 12 మిగులుతుంది. ఖర్చయిన 12 కార్బన్ డయాక్సైడ్‌గా మారి అక్కడే ఉంటుంది, అంటే 1.2 కాస్తా 13.2 అవుతుంది. పీహెచ్ 6.06కి పడిపోతుంది. బతకలేని స్థితి అది. ఇక్కడివరకూ మీ వాదన పూర్తిగా నిజం. మూతపెట్టిన పాత్రలో, 7.4 దగ్గర బైకార్బనేట్ బలహీనమైన బఫరే.

ఇప్పుడు మూత తీయండి. వాయువు పీడనం 40 దగ్గరే నిలిచేలా అదనంగా పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి పోనివ్వండి. బైకార్బనేట్ 12, కరిగిన వాయువు 1.2, నిష్పత్తి 10. పీహెచ్ 7.1. అదే ఆమ్లం, అదే బఫర్. ఒక్క మూత తీసినందుకు 6.06 ఎక్కడ, 7.1 ఎక్కడ! శరీరం ఇంకో మెట్టు పైకెక్కుతుంది. ఆమ్లం పెరిగిందని పసిగట్టి ఊపిరి వేగం పెంచి పీడనాన్ని 26 దాకా దించుతుంది. అప్పుడు కరిగిన వాయువు 0.78, నిష్పత్తి 15 పైచిలుకు, పీహెచ్ 7.29. మనిషి బాధపడతాడు కానీ బతుకుతాడు.

కోఠిలో గోలీ సోడా కొట్టినప్పుడు బుస్సుమని పోయేది ఈ వాయువే. గోలీ కిందికి దిగకముందు ఆ నీళ్ళు ఎంత పులుపో, గ్లాసులో పోసి గంటసేపు వదిలేశాక అంత పులుపు ఉండదు. ఆమ్లాన్ని ఎవరూ క్షారం పోసి విరగ్గొట్టలేదు, గాలిలోకి వెళ్ళిపోయింది. రక్తంలో జరుగుతున్నది ఇదే రసాయన చర్య. మిగతా ఏ బఫర్‌కీ ఈ వెసులుబాటు లేదు. ఫాస్ఫేట్ ఒక ప్రోటాన్‌ని, అంటే హైడ్రోజన్ అయాన్‌ని, పట్టుకుంటే పట్టుకున్నట్టే, అది రక్తంలోనే తిరుగుతుంటుంది. బైకార్బనేట్ పట్టుకున్న ప్రోటాన్ నీటిలో కలిసిపోతుంది, జంటగా పుట్టిన వాయువు ముక్కులోంచి బయటికి పోతుంది.

అంకెల్లో కావాలంటే ఇదీ చూడండి. పీహెచ్ ఒక యూనిట్ మారడానికి ఎంత ఆమ్లం కావాలో దాన్ని బఫర్ సామర్థ్యం అంటాం. 7.4 దగ్గర మూసిన పాత్రలో బైకార్బనేట్ సామర్థ్యం లీటరుకి సుమారు 2.6 మిల్లీమోల్స్. పీడనం స్థిరంగా ఉన్న తెరిచిన వ్యవస్థలో 55. ఇరవై రెట్లు పైన. ప్లాస్మాలో ఫాస్ఫేట్ లీటరుకి ఒక మిల్లీమోల్ అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. పీకేఏ ఎంత అనుకూలంగా ఉన్నా దాని సామర్థ్యం 0.4 కూడా రాదు. పీకేఏ నియమం తప్పేమీ కాదు. మూతపెట్టిన పాత్రకి, రెండు వైపులా సమానంగా ఆమ్లమూ క్షారమూ వచ్చిపడే పరిస్థితికి రాసిన నియమం అది. మన ఒంట్లో రోజూ తయారయ్యేది ఎక్కువగా ఆమ్లమే. కాబట్టి ఒక పాలు ఆమ్లానికి ఇరవై పాళ్ళు క్షారం సిద్ధంగా ఉండటం లోపమేమీ కాదు, అవసరం.

ఇక్కడ చాలామంది విద్యార్థులు ఒక విషయం దాటేస్తారు. బైకార్బనేట్ బఫర్ కార్బన్ డయాక్సైడ్ నుంచే వచ్చిన ఆమ్లాన్ని బఫర్ చేయలేదు. ఆ ఆమ్లం విడిపోతే పుట్టేదే బైకార్బనేట్ కదా, తన ప్రోటాన్‌ని తానే పట్టుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది. మరి రోజుకి 15,000 మిల్లీమోల్స్ సంగతి ఎవరు చూస్తారు? హిమోగ్లోబిన్. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగు గొలుసులూ కలిపి హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు 38 ఉంటాయి. వాటి పక్క గొలుసు పీకేఏ ప్రోటీన్ లోపల 7 చుట్టుపక్కల తిరుగుతుంది. మీ పీకేఏ నియమం అచ్చంగా వర్తించేది ఇక్కడే. పైగా ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ ఇంకా గట్టిగా ప్రోటాన్లని పట్టుకుంటుంది. కండరం దగ్గర ఆక్సిజన్ దిగగానే, అక్కడ పుట్టిన ఆమ్లానికి అప్పుడే చోటు ఖాళీ అవుతుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఎక్కగానే ప్రోటాన్ దిగిపోతుంది, బైకార్బనేట్‌తో కలిసి వాయువై బయటపడుతుంది. అంత కార్బన్ డయాక్సైడ్ మోస్తూ కూడా సిరల రక్తం పీహెచ్ ధమనుల కంటే 0.03, 0.04 మాత్రమే తక్కువ. బయోకెమిస్ట్రీలో నాకు ఇంతకంటే అందమైన విషయం ఇంకోటి లేదు.

ఈ మార్పిడి జరగడానికి వేగం కూడా కావాలి. కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు తమంతట తాము కలవడానికీ విడిపోవడానికీ సెకన్లు పడతాయి, రక్తం ఊపిరితిత్తుల కేశనాళికలో ఉండేది సెకను కంటే తక్కువ. ఎర్ర కణాల్లోని కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఆ పనిని సెకనుకి లక్షల సార్లు చేస్తుంది. దాన్ని 1930ల మొదట్లో కేంబ్రిడ్జిలో మెల్‌డ్రమ్, రౌటన్ కనిపెట్టింది ఈ లెక్క కుదరకే. ఎంజైమ్ లేకుండా ఊపిరితో అంత వాయువు బయటికి రావడం అసాధ్యమని తేలింది.

ఫాస్ఫేట్‌ని నేను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. దాని రాజ్యం కణాల లోపల, మూత్రంలో. కణాల్లో దాని గాఢత ఎక్కువ, పీహెచ్ కూడా దాని పీకేఏకి దగ్గర. ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవాలి. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియేటిన్ అనే శక్తి నిల్వ పదార్థం బయటపడింది. బఫర్ల పాఠంలో దీనికి చోటుంది. ఫాస్ఫోక్రియేటిన్ నుంచి ఏటీపీ (కణం నేరుగా వాడుకునే శక్తి అణువు) తయారయ్యే చర్య ఒక ప్రోటాన్‌ని మింగుతుంది. కాచిగూడలో కదిలిపోతున్న ఎంఎంటీఎస్ రైలు కోసం పరుగెత్తే మొదటి కొద్ది సెకన్లలో మీ తొడ కండరం పుల్లబడకుండా ఆపే వాటిలో ఇదొకటి.

బఫర్ ఇచ్చేది గడువు మాత్రమే. ఆ గడువులో ఊపిరితిత్తులు నిమిషాల్లో రంగంలోకి దిగుతాయి, కిడ్నీలు మూడు నుంచి ఐదు రోజుల్లో పని పూర్తి చేస్తాయి. ఇది మర్చిపోతే ఏమవుతుందో 1952లో కోపెన్‌హాగెన్ చూపించింది. బ్లెగ్డమ్ ఆసుపత్రికి పోలియో రోగులు వెల్లువలా వచ్చారు. ఊపిరి కండరాలు చచ్చుబడినవాళ్ళు చెమటలు పట్టి, రక్తపోటు పెరిగి చనిపోతున్నారు. రక్తపరీక్షలో మొత్తం కార్బన్ డయాక్సైడ్, అంటే చాలామటుకు బైకార్బనేట్, బాగా ఎక్కువగా కనిపించేది. క్షారం ఎక్కువైంది, కారణం తెలియడం లేదు అనుకున్నారు డాక్టర్లు. మత్తు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ మాత్రం అది క్షారం కాదు, ఊపిరి ఆడక వాయువు పేరుకుపోయిందని పట్టుకున్నాడు. నిష్పత్తిలో పైనున్న అంకె ఒక్కటే చూశారు, కిందది చూడలేదు. గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, సంచీ నొక్కుతూ చేత్తోనే ఊపిరి ఇప్పించాడు. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా ఆ సంచులు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. ఐసీయూలు పుట్టింది అక్కడినుంచే. అక్కడి లాబొరేటరీ అధిపతి అస్ట్రుప్ రోగి పక్కనే పీహెచ్, వాయు పీడనం తేల్చే పద్ధతిని రూపొందించింది కూడా ఆ అనుభవం నుంచే. ఇవాళ మన ఊరి ఐసీయూల్లో నిమిషాల్లో చేతికొచ్చే ఏబీజీ కాగితం దాని వారసత్వమే.

మన దగ్గర తరచూ కనిపించే ఉదాహరణ చెబుతాను. షుగర్ ఉందని తెలియని కుర్రాడు, లేదా ఇన్సులిన్ మానేసిన అమ్మాయి, ఆయాసంతో వస్తారు. ఉబ్బసం అనుకుని ఇంట్లోవాళ్ళు ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటాయి, శ్వాస మాత్రం లోతుగా, ఆగకుండా, నోటి దగ్గర పళ్ళు మాగిన వాసనతో. 1874లో కుస్‌మౌల్ వర్ణించిన ఊపిరి ఇదే. ఇన్సులిన్ లేక కొవ్వు కరిగి పుట్టిన కీటో ఆమ్లాలు బైకార్బనేట్‌ని తినేశాయి, ఊపిరితిత్తులు కింది అంకెని తగ్గించి నిష్పత్తిని కాపాడుతున్నాయి. బైకార్బనేట్ 6కి పడిందనుకోండి. ఊపిరి వాయు పీడనాన్ని ఎంతకి దించాలో చెప్పే వార్డు లెక్క ఒకటుంది: బైకార్బనేట్‌ని ఒకటిన్నరతో గుణించి 8 కలపండి, 17. వాయు పీడనం అంతకి దిగాలి. దిగితే పీహెచ్ 7.17. ఇప్పుడు ఆ ఆయాసం చూడలేక మత్తిచ్చి వెంటిలేటర్ మీద పెట్టి, మామూలు మనిషికి పెట్టే వేగమే పెట్టారనుకోండి. పీడనం 40కి చేరుతుంది, పీహెచ్ 6.8కి కూలుతుంది. రోగి గుండె ఆగిపోవచ్చు. మందు తేడా లేదు, బైకార్బనేట్ తేడా లేదు. తెరిచి ఉన్న మూతని మనమే మూసేశాం. రేపు మీరు హౌస్ సర్జన్ అయ్యాక ఈ ఒక్క పేరా గుర్తుంటే చాలు.

ఈ వైపు ఊపిరితిత్తులైతే ఆ వైపు కిడ్నీలు. రోజూ 180 లీటర్లు వడగడతాయి, లీటరుకి 24 చొప్పున 4,300 మిల్లీమోల్స్ పైన బైకార్బనేట్ మూత్రనాళికల్లోకి దిగుతుంది. దాన్ని దాదాపు పూర్తిగా వెనక్కి లాగాలి, ఆపైన 70 మిల్లీమోల్స్ ఆమ్లానికి ఖర్చయిన బైకార్బనేట్‌ని కొత్తగా తయారుచేయాలి. ఆ ఆమ్లాన్ని ఊరికే మూత్రంలో వదలొచ్చు కదా అంటారా? మూత్రం పీహెచ్ 4.5 కంటే దిగదు. ఆ పీహెచ్ దగ్గర లీటరులో విడిగా పట్టే హైడ్రోజన్ అయాన్లు 0.03 మిల్లీమోల్స్. 70 మిల్లీమోల్స్ అలా పోవాలంటే రోజుకి రెండు వేల లీటర్లకు పైగా మూత్రం పోయాలి. అందుకే మూత్రంలోనూ బఫర్లు కావాలి. కొంత ఫాస్ఫేట్ మోస్తుంది, కానీ అది తిన్న తిండిని బట్టే ఉంటుంది, కావాలంటే పెరగదు. పెరిగేది అమోనియం. కిడ్నీ గ్లూటమైన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి అమోనియం తయారుచేసి బయటికి పంపుతుంది, అదే చర్యలో పుట్టిన కొత్త బైకార్బనేట్‌ని రక్తంలోకి ఇస్తుంది. ఆమ్లం ఎక్కువైనకొద్దీ కొన్ని రోజుల్లో ఈ ఉత్పత్తి పెరుగుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో ఇదే ముందు తగ్గుతుంది. అప్పుడు ఆమ్లాన్ని ఎముక బఫర్ చేస్తుంది, ఏళ్ళ తరబడి తన కాల్షియం లవణాలు కరిగించుకుంటూ. వాళ్ళకి సోడా బైకార్బ్ మాత్రలు రాసేది, డయాలసిస్ ద్రవంలో బైకార్బనేట్ కలిపేది ఇందుకే.

ఊపిరితో పీహెచ్‌ని సర్దుకునే సౌకర్యం అన్ని జీవులకీ లేదు. నీటిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి చేప మొప్పల మీదుగా బోలెడు నీళ్ళు పారించాలి, దాంతో కార్బన్ డయాక్సైడ్ ఇట్టే కడుక్కుపోతుంది. చాలా చేపల రక్తంలో దాని పీడనం కొద్ది మి.మీ. మాత్రమే. ఇంకా తగ్గించడానికి చోటు లేదు. కాబట్టి అవి మొప్పల్లో బైకార్బనేట్‌నీ క్లోరైడ్‌నీ మార్చుకుంటూ పీహెచ్‌ని సర్దుకుంటాయి, మన కిడ్నీ చేసే పని అక్కడ మొప్పలు చేస్తాయి. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చే రకం. ఇలా గాలి పీల్చే చేపల్లో వాయు పీడనమూ బైకార్బనేటూ రెండూ నీటిలోనే ఊపిరి తీసుకునే చేపల కంటే ఎక్కువగా ఉంటాయి. పై అంకె, కింది అంకె వేరు, నిలబెట్టాల్సింది మాత్రం వాటి నిష్పత్తినే.

ఇక అమ్మగారి మెషీన్. పీహెచ్ 9.5 ఉన్న నీళ్ళలో లీటరుకి హైడ్రాక్సైడ్ 0.03 మిల్లీమోల్స్. కడుపులో పీహెచ్ 1.5 ఉంటే, ఒక్క మిల్లీలీటరు జఠర రసం ఆ లీటరు మొత్తాన్ని విరిచేస్తుంది. నల్లాలో వచ్చే మంజీర, కృష్ణ, గోదావరి నీళ్ళలో ముందే కొంత బైకార్బనేట్ ఉంటుంది, దానికి మెషీన్ అక్కర్లేదు. ఒకవేళ నిజంగానే క్షారం ఎక్కువ లోపలికి వెళ్ళినా, ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ దాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. అమ్మేవాళ్ళు మూత్రంలో పట్టీ ముంచి రంగు మారిందని చూపిస్తారు. ఆ రంగు చెప్పేది కిడ్నీ మిగులుని బయటపడేస్తోందనే, రక్తం మారిందని కాదు. క్షారం వైపు కొద్దిగా మొగ్గాలంటే కూరగాయలు, పళ్ళు పెంచమనండి. నిమ్మరసం నాలుకకి పులుపే, అయినా అందులోని పొటాషియం సిట్రేట్ ఒంట్లో కాలి బైకార్బనేట్‌నే మిగులుస్తుంది.

మీ ఇంట్లోగానీ బంధువుల్లోగానీ కిడ్నీ జబ్బుతో సోడా బైకార్బ్ వాడేవాళ్ళు ఉంటే ఒక మాట తప్పక చెప్పండి. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్రలో 6 మిల్లీమోల్స్ బైకార్బనేట్ ఉంటుంది. అంత క్షారం ఆ మెషీన్ నీళ్ళ హైడ్రాక్సైడ్ నుంచి రావాలంటే దాదాపు 190 లీటర్లు తాగాలి. మెషీన్ ఉంది కదా అని మాత్ర ఆపేయకూడదు, ఆపాలో వద్దో వాళ్ళ నెఫ్రాలజిస్టే చెప్పాలి.